ఏడో బోరులో రాడ్డు పడిన రోజు

ముప్పై నాలుగేళ్లు కోర్ డ్రిల్లింగు పని చేశాను. బోరు అనగానే అందరూ నీళ్ల బోరే అనుకుంటారు. పెళ్లిచూపులకు పోయినప్పుడు మా మామ కూడా అట్లే అనుకుని, "మా చేన్లో ఒక పాయింటు చూడప్పా" అన్నాడు. మాకు నీళ్లతో పని లేదు, రాయితో పని. వజ్రపు పళ్లున్న బిట్టుతో భూమిని కోసి, లోపలి రాయిని చెరుకుగడల మాదిరి పైకి తీసి, చెక్కపెట్టెల్లో వరుసగా పేరుస్తాం. ఆనకట్టలు కట్టేవాళ్లు, గనులు తవ్వేవాళ్లు ఆ పెట్టెలు చూసే కింద ఏముందో తెలుసుకుంటారు. వాళ్లు కిందికి దిగి చూడలేరు కాబట్టి, పెట్టెలో మేం ఏది పెడితే అదే వాళ్లకు భూమి.

ఇప్పుడు రిగ్గుల మీద కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నంద్యాలలో మా ఇంటికి వచ్చి పోతుంటారు. వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు, "నీ పెట్టెలో ఖాళీ అనేదే ఉండేది కాదంట గదన్నా, ఎట్ల తీసేవాడివి?" అని. ఆ మాటకు ఒకప్పుడు ఒళ్లు పొంగేది. ఇప్పుడు చెంప మీద కొట్టినట్టుంటుంది. ఎందుకో వాళ్ల ముఖాలు చూస్తూ చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ పెట్టె సంగతి చెప్పాలి. కోసిన రాయి అంతా పైకి రాదు. మెత్తటి చోట బిట్టు కింద నలిగి పిండైపోయి నీళ్లలో కొట్టుకుపోతుంది. అప్పుడు పెట్టెలో ఆ మేరకు ఖాళీ వదిలి, ఇంత లోతు నుంచి ఇంత లోతుకు రాయి దొరకలేదని చెక్కముక్క మీద రాసి పెట్టాలి. పుస్తకంలో ఉన్న పద్ధతి అది. పెట్టె చూడ్డానికి వచ్చిన ప్రతి ఆఫీసరూ ఆ చెక్కముక్క చూసి మొహం చిట్లించి, "పని రాదా నీకు?" అంటాడు. అందుకని రిగ్గుల మీద ఒక అలవాటు పుట్టింది. పెట్టె నింపడం అంటాం. పక్క ముక్కల్ని కొంచెం ఎడంగా జరపడమో, పాత బోరు ముక్క ఒకటి తెచ్చి ఇరికించడమో. రెండంగుళాలు, మూడంగుళాలు. దీన్ని ఎవరూ తప్పనుకోలేదు. నేనూ అనుకోలేదు.

అందరూ చేసేదే అయినా నా అంత బాగా ఎవరూ చేయలేకపోయేవారు. మాది ఆళ్లగడ్డ. మా నాయన శిల్పుల దగ్గర విగ్రహాలను నునుపు చేసే పని చేసేవాడు. రాయిని రాయితో రుద్ది రెండు ముఖాలు వెంట్రుక దూరనంతగా కలపడం నాకు మీసాలు రాకముందే వచ్చు. నేను అతికించిన ముక్కను ఏ ఆఫీసరూ పట్టుకోలేదు. అట్లా నాకు పేరొచ్చింది. ఆ పేరు నాకు జీతం కంటే ఎక్కువ ముద్దు.

నా చివరి పోస్టింగు బేతంచెర్ల దాటినాక ఒక గుట్ట మీద. కరెంటును దాచిపెట్టే ప్రాజెక్టు అది. పగలు ఎండ కరెంటు మిగిలిపోతుంది, పొద్దు గూకినాక చాలదు. అందుకని గుట్ట పైన ఒక చెరువు, కింద ఒక చెరువు కడతారు. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి మళ్లీ కరెంటు తీస్తారు. బొగ్గు లేదు, పొగ లేదు. ఇదే రేపటి కరెంటు అని వచ్చిన ప్రతివాడూ చెప్పేవాడు. పై చెరువు అడుగున గట్టి రాయి ఉందో లేదో చూసి చెప్పడం మా పని. అక్కడంతా సున్నపురాయి. సున్నపురాయిలో నీళ్లు వేల ఏళ్లు తిరిగి తిరిగి గుహలు తొలుస్తాయి. ఈ సంగతి మా ప్రాంతంలో మేకలు కాసేవాళ్లకు కూడా తెలుసు.

రిగ్గు మీద నేను ఫోర్‌మన్‌ని. బిట్టును కిందికి దించే రాడ్లు ఒకదానికొకటి బిగించేది ఉయ్యాలవాడ ఆయన. ఇరవై ఏళ్లుగా నా జతగాడు, రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. ఇద్దరు కూలీలు, ఒక వంటాయన. అందరి మీదా కాంట్రాక్టరు పెట్టిన సైటు మేనేజరు. ఇస్త్రీ నలగని చొక్కాతో వచ్చి, చెప్పులకు దుమ్ము అంటకముందే కారెక్కి పోయేవాడు. రాయిని చదివి ఏ లోతులో ఏముందో లాగు పుస్తకంలో రాయడానికి ఒక జియాలజిస్టు అమ్మాయి వచ్చింది.

కోయిలకుంట్ల పిల్ల. వాళ్ల నాయన అక్కడ మిషనరీ బడిలో అయ్యవారు. ఆదివారం చర్చి తప్పితే మిగిలిన రోజులన్నీ ఆమె గుట్ట మీదే. కొత్త బోరుకు మేం టెంకాయ కొట్టినప్పుడు కొంచెం పక్కకు నిలబడి, కొబ్బరిముక్క మాత్రం అందరికంటే ముందే అడిగి తీసుకునేది. వంటాయన ఉడికించేవాడు, "మేడం, మీ దేవునికి కూడా ఒక మాట చెప్పు, బిట్టు విరక్కుండా." ఆమె నవ్వకుండా, "చెప్పినాలే, ఉగ్గానిలో ఉప్పు సరిపొయ్యేట్టు చూడమని కూడా చెప్పినా" అనేది. నేను మొదట్లో మేడం అన్నాను. నెలకే అమ్మా అన్నాను. ఆమె నన్ను మొదటి రోజు నుంచీ అన్నా అనే పిలిచింది.

ఆమెలో నాకు వింతగా తోచింది ఒకటే. మిగతా జియాలజిస్టులు రాయి పైకొచ్చినాక టెంటులోంచి బయటికొస్తారు. ఈమె రాయి కోసేటప్పుడే రిగ్గు పక్కన నిలబడేది. మిషను శబ్దం మారినప్పుడల్లా నోటుపుస్తకంలో ఏదో రాసుకునేది. ఒకరోజు అడిగాను.

"ఏందమ్మా రాస్తాండావ్? రాయి వచ్చినాక చూస్తే అయిపోదా?"

"రాయి చేతికి రాని చోట తవ్వాలంటే ఎట్లన్నా?"

"అట్లాంటి చోటు యాడుండాది?"

ఆమె పెన్నుతో ఆకాశం చూపించింది. సరదాకు అంటోందనుకున్నాను. కాదు. సూర్యుడి చుట్టూ గుట్టలంత, ఊళ్లంత రాళ్లు తిరుగుతుంటాయని, వాటిని గ్రహశకలాలు అంటారని చెప్పింది. వాటిలో నికెలు, ప్లాటినం లాంటివి ఉంటాయంట. తోకచుక్కల్లో మంచుంటుంది, కరిగిస్తే నీళ్లు. ఎండ పలకలకు, బ్యాటరీలకు కావాల్సిన లోహాల కోసం ఇక్కడ ఊళ్లకు ఊళ్లు తవ్విపోసే బదులు, ఎప్పటికైనా అక్కడి నుంచి తెచ్చుకోవాలని ఆమె మాట. బెంగళూరులో ఒక చిన్న కంపెనీ దానికి డ్రిల్లు మిషను తయారు చేస్తోందట. ఆమె అందులో ఉద్యోగానికి రాసింది. మొదటి ఇంటర్వ్యూ ఫోన్లోనే అయిపోయింది, ఇంకొకటి ఉంది.

"ఆడికి రిగ్గు ఎట్ల తీస్కపోతారమ్మా? లారీలు పోతాయా?" అన్నాను.

"రాకెట్లో పోతాది. పొయినాక ఇంకో తంటా. ఆడ బరువుండదన్నా. నువ్వు బిట్టును రాయి మీద నొక్కితే బిట్టు దిగదు, రిగ్గే పైకి లేస్తాది. రాయిని గట్టిగా పట్టుకోని తవ్వాల. మనిషుండడు. ఈడ నుంచి ఒక మాట చెప్తే ఆడికి పొయ్యేతలికే నిమిషాలు పడతాది. కాబట్టి కింద గట్టిరాయి ఉందా, మెత్తరాయా, బొక్కనా అని మిషనే తెలుసుకోవాల. దానికి మనం నేర్పాల. నేర్పేదానికి ముందు నాకు రావాల గదా."

"నీకు రావాలంటే?"

"నువ్వు నేర్పాల."

ముప్పై నాలుగేళ్లలో నన్ను ఆ మాట అడిగిన జియాలజిస్టు ఆమె ఒక్కతే. మిగతావాళ్లకు నేను గ్రీజు పూసుకున్న చొక్కాను. గర్వం వచ్చింది, ఎందుకు దాచాలి. ఆ రోజు నుంచి ఆమె చెయ్యి బిట్టును కిందికి నొక్కే ఫీడు లివరు మీద పెట్టించి నేర్పాను. గట్టి రాయిలో లివరు సన్నగా గుంయిమంటుంది. మట్టిపొరలో కుదుపు ఆగి బరువుగా సాగుతుంది. పగులు తగిలితే టక్కుమని ఒక్క అదురు. చెవిని నమ్మొద్దు, ఇంజను శబ్దం మోసం చేస్తుంది, చేతిని నమ్ము అని చెప్పాను. రెండు నెలల్లో ఆమె కళ్లు మూసుకుని పొర మారడం చెప్పేది, రాయి పైకి తీసి చూస్తే బెత్తెడు అటూ ఇటూగా అదే ఉండేది. ఉయ్యాలవాడ ఆయన కూడా ఒకసారి, "పాపకు చెయ్యి కుదిరింది" అన్నాడు. ఆ రోజుకు ఆయన పది మాటల్లో మూడు అవే.

బెంగళూరు వాళ్లు ఆమె రాసిన లాగు షీట్లు, సైటు నుంచి ఒక మంచి ఉత్తరం అడిగారు. పని అయిపోయినాక మేనేజరు ఇస్తానన్నాడు. ఆమె ఆశలన్నీ ఆ గుట్ట మీదే ఉన్నాయి.

ఏడో బోరు పై చెరువు సరిగ్గా నడిమధ్యలో. ఆ రోజు శనివారం. పదకొండు కావస్తోంది, ఆమె చెయ్యి లివరు మీద ఉంది, దాని పైన నా చెయ్యి. గుంయిమని సాగుతున్న లివరు ఒక్కసారి చచ్చుబడింది. రాడ్డు ఏ ఎదురూ లేకుండా జారిపోయింది. దిగినంత దిగినాక రాడ్డును బిగించే చక్కు మళ్లీ పట్టించి వదిలితే ఇంకా దిగింది. బిట్టు చల్లారడానికి పోసే నీళ్లు రాయిపొడితో తెల్లగా బోరులోంచి తిరిగొస్తాయి, అదే నిమిషంలో అవి ఆగిపోయాయి. ట్యాంకు నీళ్లు పోస్తున్నకొద్దీ కిందికే పోతున్నాయి. కింద గుహ ఉంది. ఉయ్యాలవాడ ఆయన నా వైపు చూశాడు. ఆమె మొహం వెలిగిపోతోంది.

"అన్నా! పడింది గదా? ఐదున్నర అడుగులు."

"బ్యారెలు తీసి చూద్దాంలే" అన్నాను.

నిజానికి చూడాల్సిన పనేం లేదు. ఐదున్నర అడుగులని నా చేతికీ తెలిసింది. ఆమె ఆ లెక్క నోటుపుస్తకంలో రాసుకుంది. గుట్ట కింద ఊళ్లో బావులున్నాయి. పోయిన నీళ్లు ఎక్కడైనా తేలుతున్నాయేమో చూసి వస్తానని బండెక్కింది. పోతూ, "ఖాళీకి చెక్క పెట్టన్నా, నేను సోమవారం వచ్చి ఫోటో తీస్తా" అంది. కింద ఊళ్లో ఆ సమయానికి చేన్లకు కరెంటు లేదు. మోటార్లు ఆడలేదు, బావి నీళ్లు కదల్లేదు, ఆమెకు ఏమీ కనిపించలేదు. అట్నుంచి అటే కోయిలకుంట్లకు పోయింది.

బ్యారెలు, అంటే కోసిన రాయి ఎక్కే గొట్టం, పైకి తీశాను. పైన జానెడు రాయి, కింద జానెడు రాయి. మధ్యలో ఏం లేదు. పెట్టెలో దాదాపు రెండు వరుసలు ఖాళీగా ఉండాలి. అంత ఖాళీ నా పెట్టెలో ఎప్పుడూ లేదు.

సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చాడు. పెట్టెలు చూడ్డానికి ప్రాజెక్టు వాళ్లు పంపిన పెద్ద నిపుణులు సోమవారం వస్తున్నారని చెప్పడానికి. పెట్టె వంక చూశాడు. గొంతు పెంచలేదు, బెదిరించలేదు. "నీ పెట్టె కూడా ఇట్లుంటే ఎట్లన్నా? నీ పేరు చూసే గదా ఈ పని మనకిచ్చినారు" అన్నాడు, కారెక్కాడు. అంతే. నన్ను ఎవరో బలవంతపెట్టారని చెప్పుకోడానికి ఎంత వెతికినా నాకు దొరికింది ఆ ఒక్క మాటే.

షెడ్డు వెనక ఒక బోరు రాళ్లు పడున్నాయి. రిగ్గు ఒరిగిందని మొదట్లో వదిలేసిన బోరు. మధ్యాహ్నం భోజనం అయినాక అక్కడ కూర్చుని ముక్కలు ఏరాను. రంగు చూసి, గీతలు చూసి, కొనలు రుద్ది, ఒకదానికొకటి కలిపాను. మూడంగుళాలు కాదు, ఐదున్నర అడుగులు. పని చేస్తున్నంతసేపూ నాలో నేను సర్దిచెప్పుకున్నాను. ఆమె లాగులో రాసింది కదా, నిజం అందులో ఉంది, పెట్టె చూపుకే కదా అని. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ముక్కలు కలుస్తుంటే నాకు సంతోషంగా ఉండింది. అంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

ఉయ్యాలవాడ ఆయన సద్దిగిన్నె కడుక్కుంటూ చూశాడు.

"పాప చేత్తో పట్టింది గదప్పా" అన్నాడు.

"పెట్టె నాది. నువ్వు నోరు మూసుకోని రాడ్లు చూసుకో" అన్నాను.

ఆయన గిన్నె తీసుకుని చెట్టు అవతలికి పోయాడు. ఆ రోజు నుంచి నా పక్కన కూర్చుని తినలేదు.

ఆదివారం పొద్దున్నే గుట్ట కింద శనగచేను రైతు వచ్చాడు. "అన్నా, మా బాయి నీళ్లు తెల్లగ వస్తాండాయి, సున్నం కలిపినట్టు. మీరేమన్నా చేసినారా?" అని అడిగాడు. చేతిలో సీసాలో నీళ్లు కూడా తెచ్చాడు. రాత్రి పైన ఎక్కడో వాన పడుంటుంది, రెండు రోజుల్లో తేరుకుంటాయిలే అని చెప్పి పంపేశాను. ఆ సీసా ఆమె చూసుంటే చాలు. అది ఆమె కంటపడకుండా నేనే చూసుకున్నాను.

సోమవారం నిపుణులు వచ్చారు. పెట్టెలన్నీ ఎండలో వరుసగా తెరిచి, రంగు తేలడానికి నీళ్లు చల్లాం. తడిసిన రాయి కొత్త నాపరాయి మాదిరి మెరిసింది. ఆమె ముందు నడుస్తూ ఒక్కో పెట్టె వివరించింది. ఏడో బోరు దగ్గరికి వచ్చేసరికి పుస్తకం తెరిచి, "ఈడ గుహ ఉంది సార్. ఐదున్నర అడుగులు. దీని మీద చెరువు కడితే నీళ్లు నిలవవు" అంది. అని పెట్టెలోకి చూసింది. పెట్టె నిండుగా ఉంది.

మేనేజరు నవ్వాడు. "యాడుందమ్మా నీ గుహ?"

ఆమె పుస్తకంలో లోతు మళ్లీ చూసుకుంది. నిపుణుల్లో పెద్దాయన కూర్చుని, ముక్కల మీద వేలు జరుపుతూ పోయాడు. నా అతుకుల మీద ఆ వేలు ఎక్కడా ఆగలేదు. లేచి నన్ను పిలిచాడు. మర్యాదస్తుడు, నెమ్మదిగానే అడిగాడు.

"డ్రిల్లరు మీరే కదా. లివరు మీరే పట్టుకున్నారు. రాడ్డు పడిందా?"

ఆమె నా వైపు చూసింది. ఇప్పటికీ ఆ చూపు నాకు బాగా గుర్తు. కోపం లేదు. నేను సమాధానం చెబితే తెలిసిపోతుంది కదా అన్నట్టు, పాఠం అడిగే పిల్ల మాదిరి చూసింది.

"లేదు సార్. కొంచెం మెత్తరాయి తగిలింది, అంతే. సన్న పగుల్లో నీళ్లు పొయినాయి" అన్నాను.

ఆమె తల దించుకుంది. ముక్క ఎత్తి చూస్తుందనుకున్నాను, నాతో పోట్లాడుతుందనుకున్నాను. రెండింటికీ లోపల సిద్ధంగానే ఉన్నాను, ఆమె గట్టిగా ఒక్క మాటంటే ఒప్పుకునేవాణ్ణేమో కూడా. ఆమె పుస్తకంలో ఆ లెక్కను కొట్టేసి, "పొరపాటు నాదే సార్" అని, పక్కన సంతకం పెట్టింది. నన్ను కాపాడ్డానికే అట్లా చేసిందని నాలుగేళ్లు నమ్మాను. దాన్ని తలుచుకుని ఆమెను దేవతను చేసి, నన్ను నేను తిట్టుకుని, ఆ తిట్టుకోవడంతోనే సరిపెట్టుకున్నాను.

వారానికి ఆమెను పంపించేశారు. లాగు నమ్మకంగా లేదన్నారు. మేనేజరు ఉత్తరం ఇవ్వలేదు. పోయే రోజు ఆమె అందరికీ చెప్పి, నా దగ్గరికొచ్చి, "నేర్పినందుకు థ్యాంక్సన్నా" అంది. బస్సు దాకా సామాను మోసింది ఉయ్యాలవాడ ఆయన.

అదే ఏడు నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు. "ఈయన పెట్టెలో ఖాళీ ఉండదు" అని మేనేజరు మైకులో చెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు.

చెరువు కట్టారు. మొదటిసారి నీళ్లు నింపితే రోజురోజుకూ మట్టం దిగింది. అడుగున పరిచిన ప్లాస్టిక్ షీటు చిరిగిందన్నారు, మార్చారు. మళ్లీ దిగింది. సిమెంటు పాలు బోర్లలోకి పోస్తూనే ఉన్నారు. గుహ అనే మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. నిండు పెట్టె ఉంది కదా సాక్ష్యానికి.

పోయిన వానాకాలం ఉయ్యాలవాడ ఆయన ఫోన్ చేశాడు. నాలుగేళ్లలో అదే మొదటిసారి. "గుట్ట కింద శనగచేను కుంగింది. పొయ్యి చూసిరా" అని పెట్టేశాడు. పోయాను. ఒకప్పుడు సీసాతో వచ్చిన రైతు చేను నడుమ ఇల్లు పట్టేంత గుంత. బావి కూడా అందులోకి ఒరిగింది. మనుషులకేం కాలేదు. రైతు నన్ను గుర్తుపట్టలేదు. గట్టు మీద నిలబడి, "నీళ్లు యాడ నుంచి వచ్చినాయో తెలీదప్పా, భూమే మింగేసింది" అన్నాడు. గట్టు దిగి వచ్చేశాను.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి సంతకం పెట్టాను. మర్నాడు కోయిలకుంట్ల బస్సెక్కాను. ఆమె ఇప్పుడు అక్కడ ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెబుతోంది. ఇంటర్వెల్లులో వరండాలోకి వచ్చింది. కొంచెం లావైంది. నన్ను చూసి నిజంగానే సంతోషపడింది.

"ఏందన్నా ఇంత దూరం! టీ తాగుతావా?"

కాగితం ఇచ్చాను. నిలబడే చదివింది. చదివినాక మడిచి, మళ్లీ విప్పి, మొదటి నుంచి చదివింది.

"నీ ఉద్యోగం నేనే పోగొట్టినా తల్లీ" అన్నాను. "ఈ కాగితం బెంగళూరోళ్లకు పంపు. నేను వచ్చి చెప్పమన్నా చెప్తా. ఆ మేనేజరు ఉత్తరం ఇయ్యలేదని గదా వాళ్లు తీసుకోలేదు."

"వాళ్లు ఉత్తరం లేకున్నా రమ్మన్నారన్నా" అంది. "రెండు సార్లు ఫోన్ చేసినారు. నేనే పోలేదు."

నాకు అర్థం కాలేదు. ఆమె కాగితంలోకే చూస్తూ చెప్పింది.

"రాడ్డు పడలేదని నువ్వు చెప్పినావ్. నేర్పినోడివి నువ్వు. నేనేమో ఎప్పుడెప్పుడు గుహ తగుల్తాదా అని ఎదురుచూస్తాంటి. మనసులో ఉండేది చేతికి వచ్చిందేమో అనుకున్నా. ఈ గుట్ట మీదే నా చెయ్యి అబద్ధం చెప్తే, ఆడ మనిషి లేని చోటికి మిషనుకు ఏం నేర్పుతా? తప్పు నేర్పితే రాకెట్టు రాకెట్టే పోతాది గదా. అందుకే పోలే."

"నీ చెయ్యి అబద్ధం చెప్పలేదమ్మా."

"పడింది గదా?"

"పడింది."

"ఎంత?"

"ఐదున్నర అడుగులు."

ఆమె గోడకు ఆనుకుంది. బడి గంట కొట్టారు, పిల్లలు లోపలికి పరిగెత్తారు. ఆమె కాగితం నా చేతిలో పెట్టింది.

"ఇది నాకెందుకన్నా ఇప్పుడు? ఆ మిషను వాళ్లు వేరేవాళ్లతో చేయించుకున్నారు, పేపర్లో కూడా వచ్చింది. నువ్వు దీన్ని ఆ చేను ఆయనకియ్యి. నష్టపరిహారం అడిగేదానికన్నా పనికొస్తాది" అంది. రెండడుగులు వేసి ఆగింది. "ఆ పొద్దు నువ్వు నన్ను దొంగలెక్క రాసినావన్నా బాగుండు. నీతో కొట్లాడి గెల్చుకుంటాంటి. నువ్వు పడలేదంటే నమ్మినా సూడు."

క్లాసులోకి పోయి తలుపు వేసుకుంది. లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది, పుస్తకాలు తీయండి అని.

ఆ కాగితం పోయిన నెల రైతుకు ఇచ్చి వచ్చాను. ఆయనకు చదువు రాదు, నన్నే చదివి వినిపించమన్నాడు. ఆయన ముందు కూర్చుని, నా తప్పంతా మొదటి నుంచి చివరి దాకా నేనే బిగ్గరగా చదివాను. ఆయన అంతా విని, "మరి ఆ పాప ఏమైందప్పా?" అని అడిగాడు.